అంచెక్కని పురుగులు

కేసముద్రం దాటి కొంత దూరం పోతే ఒక తండా, ఆ తండాకు ఒక బడి. ఆ బడిలో పదకొండేళ్లుగా వంట చేస్తున్నది మోతీబాయి. వండడమొక్కటే కాదు, పిల్లల కంటే ముందు ఒక ముద్ద తిని చూడడమూ ఆమె పనే. తిన్నాక రిజిస్టరులో వేలిముద్ర వేయాలి. అది పడితేనే గంటె కదులుతుంది.

ఈ ఏడాది వానల్లో ఆమె పెనిమిటి బీక్యా పత్తికి పురుగుల మందు కొట్టి వచ్చి పడిపోయాడు. మూడో రోజు దవాఖానలో ప్రాణం పోయింది. అతని అంగీని ఆమె నాలుగుసార్లు ఉతికింది. మందు వాసన పోలేదు. ఐదోసారి ఉతికి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాలేదు. పోయిందనుకుంది. మర్నాడు పోపు వేస్తే ఆ వాసనా రాలేదు. కారం కారంగా లేదు, ఉప్పు ఉప్పుగా లేదు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. వేలిముద్ర మాత్రం రోజూ వేస్తూనే ఉంది.

దసరా సెలవులయ్యాక బడి తెరిచారు. సెలవులకు ముందు నుంచీ గదిలో ఉన్న బస్తా విప్పి బియ్యం కడిగింది. అలాంటి బియ్యంలో నీళ్లు పోస్తే ముక్కుపురుగులు తేలి, గంగాళం అంచు పట్టుకుని పైకెక్కుతాయి. వాటిని కొంగుతో తుడుస్తుంది. ఆ రోజు తేలాయి గానీ ఒక్కటీ ఎక్కలేదు. కాళ్లు కదపక నీళ్ల మీద నల్లగా తేలుతున్నాయి. చూసింది. చూసి ఒంపేసింది.

"ఇయ్యాల ఏరుడు తప్పింది పో" అంది తోడు వంటామె గట్టమ్మ.

అన్నం ఉడికింది. ముద్ద తిన్నది. రోజూ లాగే ఏమీ తెలియలేదు. వేలిముద్ర వేసింది. పిల్లలు పళ్ళాలు మోగిస్తూ వరుస కట్టారు. గట్టమ్మ గంటె ఎత్తింది. మోతీబాయి అలవాటు చొప్పున కొంగు విదిలించింది. ఒక్క పురుగూ రాలలేదు. పొద్దున ఒక్కటీ అంచెక్కలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఆగు గట్టక్క. పెట్టకు."

గదిలోకి పోయి మిగిలిన బస్తాను పట్టా మీద కుమ్మరించింది. మధ్యలోంచి చిన్న గుడ్డమూట జారింది. ముడి వదులై బూడిదలాంటి పొడి బియ్యంలో కలిసి ఉంది.

వెనకే వచ్చిన గట్టమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "నేనే ఏసిన్నే. మా ఇంట్ల వడ్లల్ల పురుగులకు పెట్టే గోలీలే, పొడైనయ్. మనిషి పోయిన దుఃఖంల ఉన్నవ్, పురుగులేరుకుంట యాడ కూసుంటవని..."

మోతీబాయి చీపురుతో మూటను పక్కకు నెట్టింది.

"మూడు నీళ్లు కడిగినం గద, పోతదిలే. నువ్వు తిన్నవ్ గద, ఎట్లున్నది?"

"నాకేం తెల్వది."

"గదేం మాటనే?"

"రెండు నెలల సంది రుచి లేదు, వాసన లేదు. వేలు పెడుతున్న, గంతే."

గట్టమ్మ వంగి బస్తా వాసన చూసి తల వెనక్కి లాక్కుంది. "అవ్వో! ఎల్లిగడ్డ కంపు గొడుతుందే!"

ఇంతలో హెడ్మాస్టరు ప్రకాశం సారు వచ్చాడు. "ఏంది లేటు? పిల్లలు మొత్తుకుంటున్నరు."

"అన్నం పనికి రాదు సారు. బియ్యంల మందు కలిసింది."

"నువ్వే గద వేలిముద్ర వేసింది!"

"తప్పు ఏసిన. నాకు రుచి తెలుస్తలేదు. వేరేటోళ్లను పెట్టుకోండ్రి."

"మందు నేను పెట్టిన సారు" అంది గట్టమ్మ ఏడుస్తూ.

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మోతీబాయి, నువ్వు తిన్నవా?"

"ఒక్క ముద్ద."

"పా, దవాఖానకు పోదాం."

"గుంత తీసి గీ అన్నం పూడ్చినంక వస్త. లేకుంటె కోళ్లు తింటయి" అంటూ పార అందుకుంది.

సారు పార ఆమె చేతిలోంచి లాక్కుని గట్టమ్మకిచ్చాడు, మోతీబాయిని బండెక్కించాడు. పిల్లలకు ఆ పూట వేరే గిన్నెలో ఉడికిన గుడ్లే. దవాఖానలో సాయంత్రం దాకా పడుకోబెట్టి పంపించారు. నోరెట్లుందని నర్సు అడిగితే, ఉందని చెప్పింది.

మర్నాడు కొత్త బస్తా వచ్చింది. "రుచి గట్టమ్మ చూస్తది. బియ్యం నువ్వు చూడు" అన్నాడు సారు. రిజిస్టరు గట్టమ్మ ముందు పెట్టాడు.

మోతీబాయి గంగాళంలో నాలుగు పిడికిళ్ల బియ్యం వేసి, నీళ్లు పోసి కూర్చుంది. కాసేపటికి పురుగులు తేలాయి. ఒకటి అంచెక్కింది, దాని వెనక ఇంకొకటి. మూడోది ఆమె వేలెక్కి మణికట్టు దాకా పాకింది. దులపలేదు.

"ఎక్కుతున్నయ్ గట్టక్క" అంది. "మిగిలినయి చెరుగుదాం, చాట తే."