అన్సా మాస్టారి వాన లెక్క

మా ఊరు ఎజుసులో అన్సా మాస్టారు కొత్తవాళ్లెవరినీ పేరడగరు. "మీ ఊళ్లో ఏడాదికి ఎన్ని వానకాలాలు?" అని అడుగుతారు. జవాబు చెప్పామా, మన కోపతాపాలు, ఆకలి, ఎలాంటి పిల్లను చేసుకోవాలో అన్నీ తేల్చేస్తారు. బళ్లో భూగోళం చెప్పి రిటైరయ్యాక ఆయనకు దొరికిన విద్యార్థులం మేమే.

ఆయన లెక్క సులువు. సముద్రం దగ్గర బయల్దేరి ఉత్తరానికి పోతే ముందు మా దట్టమైన అడవి, ఏడాదికి రెండు వానకాలాలు. ఆపైన నిలువెత్తు గడ్డి, దూరదూరంగా షియా చెట్లు, ఒకటే వానకాలం. ఇంకా పైకి ముళ్లపొదలు, ఆ తర్వాత ఇసుక. చెట్లకూ మనుషులకూ తేడా లేదంటారు. అడవి మనిషికి ఏడాదికి రెండుసార్లు కోపం పొంగుతుందట. గడ్డినేల మనిషి ఓపిగ్గా ఎదురుచూస్తాడట. ముళ్లపొదల మనిషి మాటనైనా నీళ్లలా పొదుపుగా వాడతాడట.

మా వీధి దర్జీ ఎవరిదో చొక్కా పొట్టిగా కుట్టి గొడవైతే, "వాడిదేం తప్పు? వాడి ఊళ్లో చెట్లే పొట్టి" అని మాస్టారు తీర్పిచ్చారు. చొక్కాగలాయన నవ్వాపుకోలేక తిట్లు మరిచిపోయాడు. ఇంకోసారి మా ఆచారం ప్రకారం ఎర్రబట్ట చుట్టుకుని చావింటికి వెళ్లి, పోయినాయనది పలచటి బెరడనీ, ఎడారి గాలికి తట్టుకోలేదనీ పరామర్శించారు. అప్పటిదాకా నువ్వు మందిప్పించలేదంటే నువ్విప్పించలేదని కొట్టుకుంటున్న కొడుకులు, ఇద్దరూ కలిసి ఆయన్ని ఆడిపోసుకున్నారు.

మా అన్న ఉత్తరాన బోల్గటాంగా పిల్లను చేసుకున్నాడు. పేరు లామిసి. మా అమ్మ పోకువా కోడలికి పెరట్లో కాస్త నేల ఇచ్చింది. లామిసి పుట్టింటి సజ్జలు తెచ్చి తొలకరికే చల్లింది. పైరు మనిషెత్తు లేచింది. అంతా మురిశాం. కంకులు పట్టేవేళకు మా వాన ఎడతెరిపి లేకుండా కురిసి, అన్నీ నల్లగా బూజెక్కాయి.

అమ్మ ఇరుగుపొరుగు వింటుండగానే అనేసింది. మొదటి పంటే బూజు పట్టించిన చెయ్యి ఇంట్లో ఏం నిలబెడుతుందంది. మర్నాడు పొద్దున్నే లామిసి మూట కట్టింది. అమ్మ ముందు మా అన్నకు నోరు లేదు. నాకు మాత్రం ఒకటి తెలుసు. ఆ పిల్ల బస్సెక్కితే మళ్లీ రాదు.

మాస్టారు ఎలా విన్నారో, వచ్చి ఒక కంకి నలిపి చూశారు. తొలకరికే ఎందుకు చల్లావని లామిసిని అడిగారు.

"మా ఊళ్లో ఆ వాన వదిలితే మళ్లీ ఏడాదే కదండీ" అంది లామిసి, మూట మీంచి చెయ్యి తియ్యకుండా.

"విన్నావా పోకువా? ఒంటివాన పిల్ల. మనకి రెండో వానుందని ఈ పిల్లకి ఎవరైనా చెప్పారా? నువ్వు చెప్పావా?"

సెప్టెంబరు వానకు చల్లితే గింజ గట్టిపడే వేళకు పొడిగాలి వస్తుందనీ, బూజు భయం ఉండదనీ చెప్పి మాస్టారు వెళ్లిపోయారు. ఆయన అటు వెళ్లగానే అమ్మ కోడలి మూట తీసుకెళ్లి లోపల పెట్టేసింది.

డిసెంబరులో లామిసి ఆ రెండో వాన పంట సజ్జలతో సంకటి వండింది. అరటికాయలు ఉడికించి దంచిన ఫుఫు తప్ప ముద్దెత్తని మా అమ్మ, రుచి చూద్దామని కూర్చుని మళ్లీ వడ్డించుకుంది.

ఆ సాయంత్రం మాస్టారు వస్తే, అరటికాయలు చెక్కుతూ అమ్మ అడిగింది.

"నిజం చెప్పండి మాస్టారూ. మనిషి గుణం వాన వల్లే వస్తుందా?"

"మా ఆవిడది పక్కవీధి. ఇద్దరం ఒకే వానలో తడిసి పెరిగాం. ఇన్నేళ్లలో ఒక్క పూటైనా ఒక మాట మీద ఉన్నామేమో అడుగు."

"మరి ఊరంతా ఎందుకు చెబుతారు?"

"తిట్టు మనిషి మీద పడితే నొప్పి పోకువా. వాన మీద పడితే వానకేం?"

నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. అమ్మ మాత్రం కంగారుగా వంటింటివైపు చూసి గొంతు తగ్గించింది.

"ఈ మాట ఇక్కడే ఉండనివ్వండి. ఆ రోజు నా నోటి దురుసుకి మన రెండు వానలే కారణమని కోడలికి చెప్పుకున్నాను."