నేను లేనప్పుడు అయిన బోణీ

దయ్యాల సంగతి ఎవరు ఎత్తినా వాదించి నోరు మూయించే మనిషిని నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని కావడంతో, ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని గట్టిగా నమ్మేదాన్ని. అందుకే జరిగింది జరిగినట్టు మాత్రమే రాస్తున్నాను.

విజయవాడ వన్ టౌన్‌లో ఒక గాజుల దుకాణానికి సోషల్ మీడియా పేజీ నడపడం నా ఉద్యోగం. యజమాని సుబ్బారావు గారికి ఒక పట్టింపు ఉంది. పొద్దున్న పేజీకి వచ్చే మొదటి మెసేజీయే ఆ రోజు బోణీ. అది తేలనిదే రెండోవారికి జవాబు ఇవ్వకూడదు. పూర్వం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్ల అక్కగారు పెట్టిన పద్ధతి అట. నేను చేరేనాటికే ఆవిడ పోయారు. గోడమీది ఫోటోలో తప్ప నేనావిడను ఎరుగను.

తొలిసారి సెలవు అడిగాను. ఆయన ఇచ్చారు గానీ, ఒక్క బోణీ తప్పినా పేజీని వేరేవాళ్లకు అప్పగిస్తానని నెమ్మదిగానే చెప్పారు. నా జీతంతోనే మా ఇల్లు నడుస్తుంది.

ఊరికే తిరిగి రావడానికి నాగాయలంకలో ఒక గది తీసుకున్నాను. తోడు రమ్మనడానికి నాకు స్నేహితులు లేరు. ఎవరింటికి వెళ్తున్నావని అమ్మ అడిగింది. ఎవరింటికీ కాదంటే ఆవిడకు అర్థం కాలేదు.

మర్నాడు నిద్ర లేచేసరికి ఫోన్ ఆగిపోయి ఉంది. ఛార్జర్ విజయవాడలోనే మరిచిపోయాను. దుకాణాలు తెరిచేదాకా కృష్ణ ఒడ్డున కూర్చున్నాను. కుటుంబాలు నవ్వుకుంటూ పడవలెక్కుతున్నాయి. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఛార్జర్ కొని, ఆ దుకాణంలోనే కాసేపు ఛార్జింగ్ పెట్టించి, మళ్లీ ఒడ్డుకు వచ్చి ఫోన్ ఆన్ చేశాను. చల్లపల్లి నుంచి ఒకావిడ, కూతురి సీమంతానికి ఆకుపచ్చ గాజులు కావాలని పొద్దున్నే అడిగారు. దాని కింద మా పేజీ నుంచి జవాబు వెళ్లి ఉంది.

"బోణీ నీదే అమ్మడూ. బేరం నేనూ చెప్పను, నువ్వూ ఆడకు. డజనుకి ఒకటి ఎక్కువే వేస్తా."

ఆవిడ సంతోషంగా ఆర్డర్ ఖాయం చేశారు.

నేను ఎవరినీ ‘అండీ’ లేకుండా పలకరించను. పాస్‌వర్డ్ నాకొక్కదానికే తెలుసు. లాగిన్ వివరాలు చూశాను. నా ఫోన్ తప్ప మరొకటి కనిపించలేదు. ఆ జవాబు వెళ్లిన సమయానికి అది నా సంచిలో ఆగిపోయి ఉంది.

సుబ్బారావు గారికి ఫోన్ చేసి, జవాబు మీరిచ్చారా అని అడిగాను. తన దగ్గరున్నది బటన్ల ఫోనేనని గుర్తుచేసి, చదివి వినిపించమన్నారు. వినిపించాను.

"మా అక్క మాటేనమ్మా అది," అన్నారు. "కలెక్టరు గారి భార్యనైనా అమ్మడూ అనే పిలిచేది. పేజీ నీ దగ్గరే ఉండనీ."

తర్వాత నా సొంత ఖాతా తెరిచాను. అందులో నాకు ఎవరూ ఏమీ రాయరు. ఆ పొద్దున మాత్రం పేజీ నుంచి ఒక మెసేజీ వచ్చి ఉంది.

"ఒక్కదానివే వెళ్లావా? ఏమన్నా తిన్నావా అమ్మడూ?"

నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. ఏదీ దీనికి సరిపోలేదు.

ఆ ఒడ్డునే కూర్చుని, "లేదండీ" అని రాశాను. పేజీని నేను తెరవలేదు. అయినా కాసేపటికి, చూసినట్టు కింద గుర్తు పడింది.

లేచి, టిఫిన్ ఎక్కడ దొరుకుతుందో అడుగుతూ ఊళ్లోకి నడిచాను.