గాలి తగలకుండా

పోయిన మంగళవారం పొద్దున ఎడిసన్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, అమ్మ ఇంక లేదు. స్లీప్‌లోనే పోయింది" అన్నాడు. అప్పుడే ఆఫీస్ పార్కింగ్‌లో కారు పెట్టాను. ఇంజన్ ఆపడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాను.

మా వదినను మీలో కొందరు ఎరుగుదురు. తెలుగు చర్చిలో పాట ఎత్తుకునే సన్నటి మనిషి, మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. ఆవిడ ఇంట్లో బీరు చేసేదంటే మాత్రం నమ్మలేరు. ఎన్నడూ చుక్క నోట పెట్టలేదు గాని, దాన్ని పాడవకుండా చూసుకోవడం ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

డెబ్బైల చివర్లో నేను ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, పార్సిప్పనీలో వాళ్ళింట్లో ఉన్నాను. ఇంట్లో బీరు చేసుకోవడానికి ప్రభుత్వం అప్పుడే ఒప్పుకుంది. ఆఫీసులో ఎవరో నేర్పితే అన్నయ్య బేస్‌మెంట్‌లో మొదలుపెట్టాడు. మొలకెత్తించిన బార్లీ మాల్టు ఉడుకుతుంటే, జ్వరం వచ్చినప్పుడు అమ్మ కాచే బార్లీ జావ వాసన ఇల్లంతా కమ్ముకునేది. ప్రార్థనకు వచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని వదిన కిటికీలన్నీ తెరిచేది.

బీరు పులిశాక మడ్డి అడుగున దిగుతుంది. పైన తేటను వేరే పాత్రలోకి మార్చాలి. అన్నయ్య మామూలు రబ్బరు గొట్టంతో దించేవాడు. కొన్నాళ్ళకే ఆ బీరుకు తడిసిన అట్టపెట్టె రుచి వచ్చేది. పాపం, ఆయన మొహం చిన్నబుచ్చుకుని మొత్తం పారబోసేవాడు. ఒక ఆదివారం వదిన చర్చి నుంచి వచ్చి, కొంగు దోపుకుని కిందికి దిగింది. "గాలి తగులుతోందండీ. అదీ సంగతి" అంది.

సోడా కంపెనీలు వదిలేసిన స్టీలు డబ్బాలు, ఒక కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తెప్పించింది. ఖాళీ డబ్బాలో ముందు గ్యాస్ నింపి గాలిని తరిమేసేది. తరవాత రెండు డబ్బాలనూ గొట్టంతో కలిపి, బీరున్న దాంట్లోకి పైనుంచి గ్యాస్ వదిలేది. ఆ ఒత్తిడికి బీరు గాలి మొహం చూడకుండా ఇవతలి డబ్బాలోకి వచ్చేసేది. అన్నయ్య వాల్వు ఎక్కువ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "నిదానం. తొందరపడితే నురుగే మిగులుద్ది" అనేది. తరవాత నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడూ, కోపంలో నేను ఉద్యోగం మానేస్తానన్నప్పుడూ అదే మాట అంది.

చర్చి మనిషివి, నీకెందుకు వదినా ఇదంతా అని ఒకసారి అడిగాను. ఆవిడ గొట్టాలు కడుగుతూ, "మీ అన్నయ్య బార్‌కి పోకుండా ఇక్కడే కూర్చుంటున్నారు. నాకు మాట్లాడ్డానికి మనిషి దొరికాడు" అంది. నిజంగానే ఆ సాయంత్రాల్లో మెట్ల మీదుగా వాళ్ళ నవ్వులు పైకి వినిపించేవి. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. ఇన్నేళ్ళ తరవాత, ఆ నవ్వులు మళ్ళీ ఒక్కసారి వినాలనుంది.

ఎనభైల మధ్యలో ఒక చలికాలం, అన్నయ్య ఆఫీసులోనే గుండె ఆగి పోయాడు. అప్పటికి ఆయన చేసిన బీరు పులియడం అయిపోయి, గరాజ్‌లో చలికి తేరుకుంటోంది. సమాధి కార్యక్రమం అయ్యాక ఇల్లు సర్దడానికి వచ్చిన చర్చి ఆడవాళ్ళు మంచికే అన్నారు, దాన్ని పారబోసేద్దామని. ఒకావిడ గరాజ్ తలుపు దాకా వెళ్ళింది.

"వద్దక్కా" అంది వదిన. "ఆయన చేసింది. డ్రెయిన్‌లో పొయ్యనివ్వను."

మర్నాడు మధ్యాహ్నం నన్ను పిలిచింది. ఇద్దరం ఆ డబ్బాను బేస్‌మెంట్‌లోకి మోసుకొచ్చాం. తరవాతి వారం అన్నయ్య స్నేహితులు వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ ఆ బీరు తాగారు; ఇంత మంచిది ఎప్పుడూ చేయలేదన్నారు. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ మధ్యాహ్నమే.

వదిన గ్యాస్ సన్నగా వదిలింది. లోపలి గ్యాస్ బయటికి పోయేలా నేను ఇవతలి డబ్బా మూత మీది వాల్వు కొంచెం తెరిచి పట్టుకున్నాను. లోపల చల్లటి బీరు నిండేకొద్దీ స్టీలు మీద చెమ్మ కింది నుంచి పైకి పాకుతోంది. వదిన ఆ చెమ్మ అంచున అరచెయ్యి ఆనించి, అది పైకి పోతుంటే చేతిని కూడా జరుపుతూ వచ్చింది.

"ఇదిగో, ఇక్కడిదాకా వచ్చారు" అంది మెల్లగా.

వచ్చింది అనాలి. నేను దిద్దలేదు.

డబ్బా నిండాక గ్యాస్ కట్టేసింది గాని, రెండో చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి తీసింది. స్టీలు మీద ఆవిడ అరచేతి అచ్చు పొడిగా మిగిలింది. మేమిద్దరం చూస్తుండగానే, దాని మీద కూడా సన్నగా చెమ్మ పట్టడం మొదలైంది.