ఆ అమ్మాయి అనని మాట

చర్చి వాళ్ల కాలేజీ ఆఫీసులో ఆమెది గుమాస్తా ఉద్యోగం. హాజరు పట్టీలు, సర్టిఫికెట్లు ఆమె చూసేది. అయినా గుమాస్తా అని పిలిచినవాళ్లు లేరు, అందరికీ దుబాసమ్మే. ఏటా ఒకసారి పరాయి దేశపు క్రైస్తవ కళాశాల నుంచి పదిహేనుమంది విద్యార్థులు మూడు వారాల చదువు యాత్రకు వచ్చేవారు. ఇళ్లకు వెళ్లి, మనుషులతో మాట్లాడి, చూసింది రాసుకుని తమ కాలేజీలో మార్కులు తెచ్చుకునేవారు. వాళ్ల మాట ఇటూ, ఇక్కడి మాట అటూ చేరవేసే పని పద్దెనిమిదేళ్లుగా ఆమెదే.

చదువుకునే రోజుల్లో ఆమె కూడా అలాగే ఇరవై ఒక్క రోజులు వాళ్ల దేశం వెళ్లి వచ్చింది. ఇంట్లో ఉంచుకున్న దంపతులు బయల్దేరే రోజున కౌగిలించుకుని, "నువ్వెప్పటికీ మా అమ్మాయివే" అన్నారు. ఆమె నాలుగేళ్లు ఉత్తరాలు రాసింది. రెండే జవాబులొచ్చాయి. రెండోది అచ్చేసిన శుభాకాంక్షల కార్డు. వాళ్లు అబద్ధమాడారని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఆ గుమ్మంలో నిలబడినంతసేపూ అది నిజమే. ఇంత తెలిసిన మనిషే ఒకనాడు నోరు జారుతుందని ఎవరనుకుంటారు?

ఆ ఏడు ఇద్దరు విద్యార్థినులకు ఇస్త్రీ చేసుకు బతికే ఒకతని ఇల్లు కేటాయించారు. ముందు గదిలో బల్ల, ఇస్త్రీపెట్టె, గోడవారగా దొంతర్లు పెట్టిన మడత బట్టలు. వెనక గదిలో అతనూ, భార్యా, పదకొండేళ్ల కూతురు చిన్ని. ఆ పిల్ల పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదివేది. రెండు కళ్లలోనూ ఒత్తిడి పెరుగుతోందని, నరం దెబ్బతింటోందని, ఆపరేషను చేయాల్సి వస్తుందని పెద్దాసుపత్రిలో చెప్పారు.

"మీ పనిలో మీకు ఎక్కువ ఆనందం ఇచ్చేది ఏమిటి?" అని మొదటి రోజే వాళ్లలో రెండు జడల అమ్మాయి అడిగింది.

ఇస్త్రీ అతను పెట్టె పక్కకు జరిపి, "ఆదివారం" అన్నాడు.

దుబాసమ్మ నవ్వు ఆపుకుని, "కష్టపడి పనిచేయడమే ఆనందం అంటున్నాడు" అని చెప్పింది. అమ్మాయిలు ముచ్చటపడి రాసుకున్నారు. ఆమె పద్ధతే అంత. కోపాన్ని విసుగుగా, విసుగును చిరునవ్వుగా మార్చి అందించేది. రెండు వైపులా మనసు నొచ్చుకోకుండా మూడు వారాలు గడిస్తే చాలు.

చివరి రోజు చిన్ని తల్లి ఆ రెండు జడల అమ్మాయి చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ అమ్మాయి నాన్న కంటి డాక్టరని మాటల్లో తెలిసింది మరి. అమ్మాయి కళ్లు తుడుచుకుని, "ఇంటికి వెళ్లగానే చిన్ని సంగతి నాన్నకు చెప్తాను" అంది. అంతే అంది.

దుబాసమ్మ చిన్ని తల్లి ముఖం చూసింది. "చిన్ని సంగతి ఈ అమ్మాయి నాన్న చూసుకుంటాడట" అంది.

అందరూ ఏడ్చారు. అందరూ కలిసి ప్రార్థన చేశారు. బస్సు వెళ్లిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఉతికిన చీరలు ఇస్త్రీకి ఇవ్వడానికి వెళ్తే ఆమెకు అసలు విషయం తెలిసింది. పెద్దాసుపత్రివాళ్లు ఆపరేషనుకు రోజు ఇచ్చారట. "కొత్త చూపు రాదు, ఉన్నది పోకుండా ఆపుతాం" అన్నారట. వీళ్లు వెళ్లలేదు.

"వెంటనే వెళ్లండమ్మా. ఆలస్యం చేయకండి" అంది.

"అదేంటమ్మా! మీరే కదా చెప్పారు, ఆయన చూసుకుంటాడని" అంది తల్లి. "ఇక్కడివాళ్లు ఒకసారి చెయ్యి పెట్టాక ఆయన ముట్టుకుంటాడా?"

ఆ అమ్మాయి ఆ మాట అనలేదని అప్పుడే చెప్పేయాల్సింది. దుబాసమ్మ చీరలు బల్ల మీద పెట్టేసింది. "ఉత్తరం రాస్తానుండండి" అని బయటపడింది.

రెండు ఉత్తరాలు రాసింది. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి వచ్చేసరికి ఏడో నెల. అమ్మాయి ఆప్యాయంగానే రాసింది: "వచ్చిన వారంలోనే నాన్నకు చెప్పాను. అక్కడి డాక్టర్లు చెప్పినట్టు తొందరగా ఆపరేషను చేయించమన్నారు. ఈపాటికి అయిపోయి ఉంటుందనుకున్నాను. చిన్నికి నా ముద్దులు."

అమ్మాయి ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. చెప్తానంది, చెప్పింది.

దుబాసమ్మ ఆ కాగితం పట్టుకుని పరుగున వెళ్లింది. ఇంటి ముందు గదిలో ఇస్త్రీ అతను ఒక్కడే ఉన్నాడు. పది రోజుల క్రితం చిన్ని గ్లాసు కోసం చెయ్యి చాపితే గ్లాసు అందలేదట. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. తల్లీకూతుళ్లు ఆసుపత్రిలో ఉన్నారు. మర్నాడు కుడి కంటికి ఆపరేషను.

ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుంది. "ఆ పిల్ల అలా అనలేదయ్యా. చూసుకుంటాడన్నది నా మాట. నేనే కలిపాను."

అతను చొక్కా చేతి మడత సరిచేసి, పెట్టె పెట్టి, తీశాడు. మళ్లీ అదే మడత సరిచేశాడు. "ఎందుకన్నారమ్మా?" అన్నాడు.

"మీ ఆవిడ ముఖం చూళ్లేక."

అతను కసురుకుని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. "ఈ కాగితం సంగతి మా ఆవిడకు చెప్పకండి" అన్నాడు. "ఆ రోజు ఆసుపత్రికి వెళ్లొద్దని పట్టుబట్టింది అదే. చేజేతులా చేశానని తెలిస్తే బతకదు. ఆయన ఇంకా చూస్తాడనుకోనివ్వండి."

కుడి కంటిలో మిగిలిన చూపు కొద్దిగా నిలిచింది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. చిన్ని బడి మానేసింది.

మరుసటి ఏడు విద్యార్థులొచ్చినప్పుడు దుబాసమ్మ ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు. విసుగును విసుగుగానే, తిట్టును తిట్టుగానే అప్పజెప్పింది. ఇక్కడి మనుషులు ఈసారి ఎందుకో ముభావంగా ఉన్నారని వాళ్ల ప్రొఫెసరు ప్రిన్సిపాలుతో అన్నాడట. ఆ పైఏడు వాళ్లు వేరే దేశం ఎంచుకున్నారు. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. హాజరు పట్టీలు మాత్రం మిగిలాయి.

చీరలు ఆమె ఇంట్లోనే ఇస్త్రీ చేసుకుంటోంది. కానీ చర్చికి వెళ్లక తప్పదు కదా. ఆరాధన అయ్యాక చిన్ని తల్లి, కూతుర్ని భుజం పట్టి నడిపించుకుంటూ, జనాన్ని తోసుకుని ఆమె దగ్గరికి వస్తుంది.

"ఆ అమ్మాయి వాళ్ల నాన్న నుంచి కబురేమైనా వచ్చిందా అమ్మా?"

"ఇంకా రాలేదు" అంటుంది దుబాసమ్మ.

"రానివ్వండి, తొందరేముంది. పెద్ద డాక్టరు కదా, ఎన్ని పనులుంటాయో" అని ఆ తల్లే ఆమెకు ధైర్యం చెప్పి వెళ్తుంది.