బోటు కదిలిపోయింది

అబద్ధం చెప్పాను. ముందే ఒప్పేసుకుంటే నాకూ ఆ బరువు దిగుతుంది.

సింగపూర్ రేవుకొచ్చే ఓడలకు వంట సరుకులు పంపే ఆఫీసు నాది, పాయా లేబర్‌లో. నెలన్నరకోసారి వచ్చే ఒక చమురు ఓడలో వంటమనిషి మా శ్రీకాకుళం వాడే, నాకన్నా నాలుగైదేళ్లు చిన్న. మావైపు అక్కను అప్ప అంటాం. ఫోనెత్తగానే "అప్పా!" అని కేకేసేవాడు. మా వ్యాన్ డ్రైవరు తమిళుడు. తమిళంలో అప్పా అంటే నాన్న. మొదటిసారి విన్నరోజు ఆ అంకుల్ పడీ పడీ నవ్వాడు. అప్పట్నుంచీ నా ఫోను మోగితే చాలు, "మేడం, నీ కొడుకు లా!" అనేవాడు, సింగపూరు వాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో.

ఆ కొడుకుతో నాకెప్పుడూ తగువే. కరివేపాకు వాడిపోయిందంటాడు, మునక్కాయ ముదిరిందంటాడు. ఒక ట్రిప్పులో లిస్టు పూర్తయ్యాక, మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ ఫోన్ చేశాడు.

"అప్పా, ఇంకో బియ్యం బస్తా, రెండు కేజీలు సింతపండూ ఎయ్యవా? మావోళ్లు అన్నం తెగ తింతన్నారు."

పొద్దున్నే వంకాయల మీద వాడు పెట్టిన పేచీకి ఒళ్లు మండి ఉన్నాను. "బోటు కదిలిపోయింది. ఇప్పుడు బ్రహ్మదేవుడు దిగొచ్చినా గింజ దొరకదు. వచ్చే ట్రిప్పులో చూద్దాం," అన్నాను. రేవు నుంచి ఓడకు సరుకు చేరవేసే ఆ బోటు ఎక్కడికీ కదల్లేదు. మూడింటిదాకా జెట్టీలోనే ఉంది.

రెండు వారాలు తిరక్కుండా గల్ఫ్‌లో ఒక దేశం జలసంధిని గుప్పిట్లో పెట్టుకుంది. తన అనుమతి లేకుండా ఓడ కదలకూడదంది. మిగతా దేశాల యుద్ధనౌకలు వచ్చి మోహరించాయి, క్షిపణులు లేచాయి. మావాడి ఓడ లోపలే చిక్కుకుపోయింది. ఇరవైమంది మనుషులు, నేను పంపని ఒక బస్తా.

ఒక బస్తా ఉంటే యుద్ధం ఆగుతుందా? ఆగదు. కానీ కంచం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. సిగ్నలు దొరికినప్పుడు వాడు ఫోన్ చేసేవాడు. "తినడానికేముందిరా?" అని అడిగేదాన్ని.

"ఉన్నాదప్పా. గంజి కాత్తన్నాను. ఉప్పు సరిపోతే పలసగా ఉన్నా బాగుంతాది."

ఒక్క ఫిర్యాదు లేదు. అదే నన్ను భయపెట్టింది. డ్రైవర్ అంకుల్ రోజూ పొద్దున్నే "కొడుకు ఫోన్ చేశాడా?" అని అడిగేవాడు, నవ్వకుండా.

దేశాల మధ్య మాటలు మొదలై కొన్ని ఓడల్ని వదులుతున్నారని విన్నాం. ఒక మధ్యాహ్నం అంకుల్ నా ఫోను పట్టుకుని గోడౌన్‌లోకి పరుగెత్తుకొచ్చాడు. "నీ కొడుకు! నీ కొడుకు!" ఓడ బయటపడింది, సింగపూరుకే వస్తోంది. అంకులూ నేనూ మిరపకాయల మూటల మధ్య నిలబడి చిన్నపిల్లల్లా ఏడ్చాం.

పోర్టు పాసు చేయించుకుని ఈసారి నేనే వెళ్లాను, బోటులో ఆ బియ్యం బస్తా పక్కన, చింతపండు పొట్లం ఒళ్లో పెట్టుకు కూర్చుని. అప్పటిదాకా ఫోనులో తప్ప వాణ్ని చూసింది లేదు. డెక్కు మీద బక్కచిక్కిన మనిషొకడు వదులైపోయిన చొక్కాతో నవ్వుతూ నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఆరోజు బోటు కదల్లేదురా," అన్నాను.

"ఎరుగుదునప్పా. ఆ బోటు నా కాడికే కదా వొచ్చింది, అయిదింటికి! దారి రెండు గంటలే కదేటి."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటా అనలేదేం?"

"అంటే నువ్వు ఫోన్లో ఏడిసేత్తావని."

నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే వాడు చింతపండు పొట్లం విప్పి వేళ్లతో కెలికాడు. "ఇదేటప్పా, అన్నీ పిక్కలే! దీన్ని సింతపండంతారా?"

నాకు ఒళ్లు మండింది. ఎన్నాళ్లకు, ఎంత హాయిగా మండిందో! "తింటే తిను, లేకపోతే సముద్రంలో పారెయ్," అని అరిచాను.