మెర్వ్ బండి మీది నంబరు

"మంట పెట్టిందీ నువ్వే, పైపు పట్టుకొచ్చి ఆర్పిందీ నువ్వే! ఆర్పావని మర్నాడు నీకు బీరు కూడా పోయించాను చూడు, అదీ నా బుద్ధి!"

నోలీన్ గొంతు ఊరంతా తాగడానికి చేరే బౌల్స్ క్లబ్బు దాటి కార్లు ఆపే చోటిదాకా వినిపిస్తోంది. డారిల్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి శుక్రవారపు జనమంతా గ్లాసులు చేత్తో పట్టుకుని, తాగడం మానేసి, గోడమీద టీవీలో గుర్రప్పందేలు చూస్తున్నట్టు నటిస్తున్నారు.

"నువ్వు అడగలేదు కదా నోలీన్" అన్నాడు మెర్వ్. బల్లకి అవతల, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అడగాలా? మా నాన్న బతికున్నప్పటినుంచీ మా ఇంట్లో ప్రతి కుళాయీ నీ చేతిదే. నిన్ను పట్టుకుని లైసెన్సు చూపించమనాలా? అడిగుంటే ఇదిగో, ఇక్కడ కూర్చున్నవాళ్లే నా మొహాన ఉమ్మేసేవాళ్లు!"

అందులో అబద్ధమేమీ లేదు. వారింబా ఊళ్లో సిడ్నీనుంచి వచ్చిన పనివాడైతే బండిమీద రాసుకున్న లైసెన్సు నంబరు ఫొటో తీసి ప్రభుత్వ జాబితాలో మూడుసార్లు వెతుకుతారు. సొంత ఊరివాణ్ణి అలా వెతకడమంటే వాడి తల్లిని తిట్టినంత పని. మెర్వ్ కాఫ్లన్ మరీను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఊరికి ప్లంబరు, గ్యాసు మేస్త్రీ, ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి నాయకుడు. పని చేసిన ఇంట్లో టీ ఇస్తే తాగి, కప్పు తనే కడిగి బోర్లించి వెళ్లే మనిషి.

మార్చిలో నోలీన్ ఇంటి వెనకగోడకి గ్యాసు గీజరు బిగించాడు. ఆగస్టులో అది అంటుకుంది. వంటిల్లు, రెండు గదులు పోయాయి. బిగించిన తేదీకి ఆ మనిషికి లైసెన్సు లేదు కాబట్టి ఒక్క డాలరు కూడా రాదని ఇన్సూరెన్సు కంపెనీ రెండు వాక్యాల్లో రాసి పంపింది. బడి క్యాంటీన్లో శాండ్‌విచ్‌లు చేసే నోలీన్ ఇప్పుడు కూతురితో కలిసి చెల్లెలి పెరట్లో కారవాన్ బండిలో ఉంటోంది. ఆ ఉత్తరం వచ్చింది ఇవాళే.

లైసెన్సు ఎందుకు పోయిందో ఊరికి తెలియదు గానీ డారిల్‌కి తెలుసు. మెర్వ్ చేతికింద నాలుగేళ్లు పని నేర్చుకుని, తర్వాత సొంత బండి కొనుక్కున్నవాడు అతను. మెర్వ్‌కి కాగితాల పనంతా భార్య హెదర్ చూసేది. ఆమె మూడేళ్లకిందట మెర్వ్‌ని వదిలేసి అడిలైడ్‌లో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. లైసెన్సు గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ ఆమె చిరునామాకే పోతాయి. ఒక్క ఫోను చేసి "హెదర్, ఆ పాస్‌వర్డ్ ఏంటి?" అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట అడగలేక, చచ్చిన నంబరునే బండిమీద రాసుకుని ఊరంతా తిరిగాడు.

డారిల్ సంగతి ఇంకా ఘోరం. నిరుడు చలికాలంలో ఫోన్లో ప్రభుత్వ జాబితా తెరిచి తన లైసెన్సు చూసుకుంటూ సరదాకి మెర్వ్ పేరు కూడా కొట్టి చూశాడు. గడువు ముగిసిందని ఎర్రక్షరాల్లో వచ్చింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ దేశంలో దొంగనైనా క్షమిస్తారేమో గానీ, తోటివాడి మీద సర్కారుకి చాడీ చెప్పినవాడి పక్కన నిలబడి ఎవడూ తాగడు. మార్చిలో నోలీన్ వచ్చి "గీజరు పెట్టించాలి, ఎవరు మంచిది?" అని అడిగితే, తనకి చేతినిండా పనుందని "మెర్వ్ ఉండగా ఇంకొకడెందుకు?" అన్నాడు.

ఇప్పుడు నోలీన్ అతనివైపే తిరిగింది. "నువ్వు చెప్పు డారిల్. నీకూ తెలీదా?"

టీవీలో గుర్రాలు పరుగెడుతున్నాయి. డారిల్ నోరు తెరిచే లోపే మెర్వ్ అన్నాడు. "వాడికేం తెలుసు? వాడి బండి చక్రం ఊడినా ఇంకోడు చెప్పాల్సిందే." ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నోలీన్ చేతిలోని ఉత్తరాన్ని మెర్వ్ ఎదురుగా బల్లమీద పడేసి వెళ్లిపోయింది.

మెర్వ్ దాన్ని మడిచి టోపీలో పెట్టుకుని బయటికి నడిచాడు. డారిల్ వెంటపడ్డాడు. బండి దగ్గర మెర్వ్ తలుపు తీసి, డాష్‌బోర్డు అరలో చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు.

డారిల్ తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "పెద్దాయనా, ముందే చెప్తున్నా. మార్చి తేదీ వేసి, ఆ గీజరు నేనే బిగించినట్టు నా నంబరుతో కాగితం రాసిమ్మంటే నావల్ల కాదు. నా లైసెన్సు కూడా పోతుంది. ఇద్దరు పిల్లలున్నారు నాకు."

"నీ సంతకం ఎవడిక్కావాలిరా? నీ రాత నీకే అర్థంకాదు." మెర్వ్ అరలోంచి బిస్కట్ ప్యాకెట్టు అట్టముక్క ఒకటి తీశాడు. దానిమీద పెన్సిలుతో చిరునామాలున్నాయి.

"ఏంటిది?"

"గడువు పోయాక నేను బిగించినవి. నోలీన్‌ది కాక పదకొండు."

డారిల్ చదివాడు. నాలుగోది తన అత్తగారి ఇల్లు. ఆ వరస మీద వేలు పెట్టాడు. "వీళ్లకి చెప్పలేదా?"

"ఎలా చెప్పను? బజార్లో వీళ్లంతా నాకు చెయ్యూపుతారు." మెర్వ్ ఎక్కి కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు. క్లబ్బు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"రేపట్నుంచే మొదలెట్టు. గ్యాసు కట్టేసి ఒక్కోటీ విప్పి చూడు. మళ్లీ నీ చేత్తో బిగించి, నీ నంబరుతో, నువ్వు బిగించిన రోజు తేదీతోనే కాగితం ఇవ్వు. గీజరు కంపెనీవాళ్ల తనిఖీ అనో, ఇంకేదో చెప్పుకో. నేను పంపానని మాత్రం ఎవరికీ చెప్పకురా."