రైటర్ చాచా, మా రద్దు కాగితం

రైటర్ చాచా పోయాడని కోరుట్ల నుంచి మా మరిది ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో మా షెడ్డులో లంగాలు కత్తిరిస్తున్నాను. కత్తెర పక్కన పెట్టేశాను. ఆ షెడ్డూ దాని వెనకున్న రెండు గదుల ఇల్లూ మా చేతికి వచ్చాయంటే ఆయన వల్లే. ఆయన బతికుండగా ఆ మాట ఒక్కసారీ నోరారా చెప్పలేదు. కోపం తెచ్చుకోవడంలో ఉన్న తొందర మంచి మాట చెప్పడంలో నాకు ఎప్పుడూ లేదు.

కోరుట్లలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉండేది ఆయన బల్ల. అమ్మకమైనా పంపకమైనా దస్తావేజు ఆయనే రాసేవాడు. కంప్యూటర్లు వచ్చాక టైపుకు పక్క షాపుకు పంపేవాడు గానీ, ముందు తన చేత్తో చిత్తుప్రతి రాయనిదే పంపేవాడు కాదు. రాసింది ఇద్దరికీ పైకి చదివి వినిపించేవాడు. మధ్యలో ఎవరైనా ఫోన్ చూశారో, ఆపేసి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. "సదవకుండ సంతకం పెట్టుడు, సూడకుండ బాయిల దుంకుడు ఒక్కటే" అనేవాడు.

మా ఆయన మస్కట్‌లో నడుము దెబ్బతిని ఇంటికి వచ్చేశాక, కోరుట్లలో ఉన్న ప్లాటు అమ్మి సిరిసిల్లలో ఈ ఇల్లు కొనాలనుకున్నాం. ప్లాటు కొంటానని ఒక వడ్ల వ్యాపారి బయానా ఇచ్చి, చాచా దగ్గర అగ్రిమెంటు రాయించుకున్నాడు. ఆ బయానాకు మస్కట్ సంపాదనంతా కలిపి సిరిసిల్లలో ఇల్లు అమ్మే పెద్దమ్మకు మేము బయానా ఇచ్చాం. వ్యాపారి మాకు కడితే మేము ఆమెకు కట్టాలి. ఆయన గడువు తర్వాత నెలకు మా గడువు. ఆయన తప్పితే మేమూ తప్పినట్టే, పెట్టిందంతా పోయినట్టే.

వ్యాపారి గడువు చివరి రోజు చాచా నన్ను పొద్దున్నే ఆఫీసుకు పిలిపించాడు. "ఆయన అస్తడో రాడో, నువ్వైతే ఉండాలె బిడ్డా. నువ్వు తయారుగున్నట్టు రుజువు కావాలె" అని మా ప్లాటు ఈసీ కోసం దరఖాస్తు పెట్టించాడు. ఈసీ అంటే ఆ స్థలం మీద అప్పులూ అమ్మకాలూ ఏమున్నాయో ఆఫీసు ఇచ్చే కాగితం. ఆ రోజు నాకు దానితో పనేమీ లేదు. దాని రసీదు మీద తారీఖు పడుతుంది గనుక, నేను ఆ రోజు అక్కడికి రాలేదని రేపు ఎవరూ అనలేరని ఆయన ఉద్దేశం.

సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే ఉన్నాను. బయట బండి ఆగిన ప్రతిసారీ లేచి చూశాను. వ్యాపారి ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. నమాజుకు పోతూ చాచా "ఎక్కడికీ పోకు" అని మళ్లీ చెప్పి వెళ్లాడు. ఆఫీసు తలుపులు వేశారు. వ్యాపారి రాలేదు.

తెల్లారి మా ఇంటికే వచ్చాడు. మిఠాయి డబ్బా, దాని మీద ఒక నోట్ల కట్ట. "అక్కా, గివి పెట్టుకో. మిగిలినయి దసరాకు ఇస్త" అన్నాడు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం గడప తొక్కిన లక్ష్మిని కాదనకూడదని మా అత్త నేర్పిన మాట. కట్ట కళ్లకద్దుకుని దేవుడి ముందు పెట్టాను.

ఆ సంగతి చెప్పగానే చాచా టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"తీసుకున్నవా?"

"శుక్రవారం గద చాచా..."

"లక్ష్మి అచ్చింది, గడువు పోయింది! గడువు దాటినంక పైసలు తీస్కుంటె, దసరా దాక టైం నువ్వే ఇచ్చినవంటడు. నిన్న పొద్దంత కూసున్నదంత గంగల కలిపినవ్."

దసరాకు ఇంకా రెండున్నర నెలలు. సిరిసిల్ల గడువుకు నెల కూడా లేదు. చాచా వకీలుతో నోటీసు పంపించాడు. వ్యాపారి తీసుకోలేదు, కవరు అట్లే తిరిగొచ్చింది. ఈలోగా ఒక స్కూలు టీచరు మా ప్లాటు కొంటానని వచ్చాడు. ధర కొంత తగ్గించినా చేతిలో డబ్బుంది గానీ, వ్యాపారి తన అగ్రిమెంటు రద్దు కాగితం మీద సంతకం పెడితేనే కొంటానన్నాడు. వ్యాపారికి కబురు పంపితే, బయానా మొత్తం వాపసు ఇస్తేనే సంతకమన్నాడు. గడువు తప్పితే బయానా తిరిగి ఇవ్వనక్కర్లేదని అగ్రిమెంటులో స్పష్టంగా ఉంది.

"నీకు మూడు తొవ్వలున్నయి" అన్నాడు చాచా. "కోర్టుకు వోయి, ఒప్పుకున్నట్టు కొనాలె అని దావా ఎయ్యచ్చు. లేకుంటె అగ్రిమెంటు రద్దయిందని బయానా పట్టుకోని కూసోవచ్చు, ఆయన కోర్టుకు వోతడు. రెండిట్ల హక్కు నీదే. మూడోది, నీకైన ఖర్చు, తగ్గిన ధర పట్టుకోని మిగిలింది ఆయనకిచ్చి సంతకం తీస్కోవచ్చు. టీచరు ఇచ్చే పైసలల్లకెల్లి ఇద్దువు."

"తప్పు ఆయనది. నేనెందుకు ఇయ్యాలె?"

"ఇయ్యకు. గెలుస్తవ్. గెలిచేదాక సిరిసిల్ల పెద్దమ్మ ఆగుతదా, అడిగిరా."

నాకు ఒళ్లు మండిపోయింది. "రాసెటోళ్లకు ఏమెరుక చాచా, అమ్ముకునెటోళ్ల బాధ!" అన్నాను, బల్ల చుట్టూ ఉన్న నలుగురి ముందు. ఆయన పెన్నుకు మూత పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, నా వెనక నిలబడ్డవాళ్లను రమ్మన్నాడు.

రెండు రోజులు అటువైపు పోలేదు. మూడో రోజు మా ఆయన నడుముకు పట్టీ కట్టుకుంటూ అన్నాడు: "సిరిసిల్లల మనం కొనెటోళ్లం. రేపు ఆ పెద్దమ్మ నీ లెక్కనే మన బయానా పట్టుకోని కూసుంటె?" చెప్పులు వేసుకుని చాచా దగ్గరికి పోయాను. ఆయన సొరుగు లాగి రద్దు కాగితం చిత్తుప్రతి తీశాడు. నేను వస్తానని ముందే రాసి పెట్టాడు.

సిరిసిల్ల గడువుకు మూడు రోజుల ముందు, ఖర్చులు పోను మిగిలింది తీసుకోవడానికి ఒప్పుకుని, వ్యాపారి వచ్చి కూర్చున్నాడు, పక్కన టీచరు. చాచా చదవడం మొదలుపెట్టాడు. సగంలో వ్యాపారి ఫోన్ మోగింది. చాచా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. చదవడం అయ్యాక వ్యాపారి పెన్ను పట్టుకుని, "ఇచ్చేదానికి ఇంకొంచెం కలుపున్రి" అన్నాడు.

"అయితె సంతకం పెట్టకు బేటా" అన్నాడు చాచా నెమ్మదిగా. "ఆమె ఆ దినం ఈడ ఉన్నట్టు రసీదున్నది. నువ్వెక్కడున్నవో నువ్వు చెప్పుకోవాలె, జడ్జి ముందట."

వ్యాపారి కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. ఆ రోజే ప్లాటు టీచరు పేరు మీద అయింది. గడువు ఒక్క రోజు ఉందనగా సిరిసిల్ల ఇల్లు మాదైంది.

చాచా పోయిన మూడో రోజు కోరుట్ల వెళ్లాం. ఆయన కూతురు చాయ్ తెచ్చి దగ్గర కూర్చుంది. మనసు ఆగక, ఆ రోజు ఆయన్ని నేనన్న మాట ఆమెకు చెప్పేశాను. క్షమించమని ఇంకెవరిని అడగాలి?

ఆమె కోప్పడలేదు. "మా అబ్బా గూడ అమ్మవోయినోడే అక్కా" అంది. "జగిత్యాలల మా ప్లాటు. మా అమ్మీకి కేన్సర్, దవాఖాన ఖర్చుకని అమ్మజూసిండు. కొనెటోడు బయానా ఇచ్చి తప్పిండు. హక్కు నాది, ఇడువనని అబ్బానే కోర్టుకు వోయిండు. కేసుల ఉన్న జాగ ఇంకెవలు కొంటరు? తొమ్మిదేండ్లకు గెలిచిండు. అమ్మీ రెండో ఏడే పోయింది."

చాయ్ చల్లారిపోయింది. ఆ ప్లాటు ఎక్కడో అడిగి, తిరుగు ప్రయాణంలో జగిత్యాలలో దిగాం. చుట్టూ మేడలు లేచాయి, అదొక్కటే ఖాళీగా ఉంది. పక్కింటామె అందులో మక్కజొన్నలు ఆరబోసుకుంది. మేము కొనడానికి వచ్చామనుకుంది.

"అది అమ్మరమ్మా" అంది. "ఎందరచ్చినా ఆయన అమ్మనే అమ్మడు."

ఆమె మళ్లీ మక్కల్లోకి దిగి కాలితో తిరగేసుకుంటూ పోయింది.